పాలమూరు నీళ్ళల్లో గాలం

చేపకూర అంటే చెవి కోసుకునే వాళ్ళు మనలో చాలామంది వున్నారు గాని, ఆ చేపను స్వయంగా పట్టడంకోసం తెల్లవారుజామున లేచి, చెరువుగట్టున గాలం వేసుకుని, పొద్దెక్కేదాకా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే వాళ్ళు బహు తక్కువ. అట్లా కూర్చున్న మనిషిని చూస్తే "పాపం, యింట్లో పనేమీ లేదు కాబోలు" అనుకుంటూ పోతారు దారిన పోయేవాళ్ళు. అమెరికాలో అయితే అది పెద్ద వ్యవహారం. అక్కడ బాస్ అనే చేప వొకటి వుంది. పచ్చని వొళ్ళూ, కంటి వెనక దాకా చీలిన నోరూ, పట్టుబడితే నీళ్ళమీదికి ఎగిరి తల విదిలించే పౌరుషమూ దాని లక్షణాలు. దానికోసం పోటీలున్నాయి, బహుమతులున్నాయి, పత్రికలున్నాయి. 1932లో జార్జియా రాష్ట్రంలో వొకాయన పట్టిన పది కిలోల బాస్‌ను మించినది మళ్ళీ ఎవరికీ పడలేదు; 2009లో జపాను దేశపు బివా సరస్సులో మరొకాయన దానికి సరిసమానమైనదాన్ని పట్టాడు. అంతే. ఆ లెక్కలన్నీ మా బావగారికి కంఠతా వచ్చు.

మా బావగారు వనపర్తి కోటలో నడిచే పాలిటెక్నిక్‌లో చదువుకుని, తర్వాత టెక్సాసులో ముప్పయ్యేళ్ళకు పైగా వుద్యోగం చేసి, పదవి విరమించి, అక్కను వెంటబెట్టుకుని వనపర్తికి తిరిగి వచ్చాడు. వుంటాడో, మళ్ళీ పిల్లల దగ్గరికి వెళ్ళిపోతాడో యింకా తేల్చుకోలేదు. సామానులో పుస్తకాలకంటె గాలాలు ఎక్కువ వచ్చాయి. రంగురంగుల రబ్బరు కప్పలూ, కొయ్య చేపలూ, రీళ్ళూ, ముక్కలు ముక్కలుగా విడదీసే కర్రలూ! దసరా సెలవులకు నేను వెళ్ళగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "యిక్కడ బాస్ పట్టడానికి మంచి చోట్లెక్కడున్నాయోయ్?" అని.

బాస్ యిక్కడ లేదు. మన కోస్తాలో ఆ పేరుకు తగినది వొకటుంది: పండుగప్ప. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఆసియా సముద్రపు బాస్ అని పిలుస్తారు. కాని అది ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగే చేప. కృష్ణమీద యిన్ని ఆనకట్టలు దాటుకుని పాలమూరు దాకా ఎక్కి రావడం దానివల్ల అయ్యే పని కాదు. అయితే గుణంలో బాస్‌కు అన్నదమ్ముడనదగిన చేప మన చెరువుల్లోనే వున్నది. అదే కొరమీను. మావైపు కొర్రమట్ట అంటారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్రపు చేపగా ప్రకటించింది. పాము తలా, నల్లని వీపూ, కప్ప కనిపిస్తే వదలని ఆకలీ. బాస్ మాదిరిగానే యిదీ తామరాకుల కిందా, తుంగ మొదళ్ళలోనూ పొంచి వుండి వేటాడుతుంది, తిరుగుతూ వెతుక్కోదు. వొక విషయంలో బాస్‌ను మించింది కూడా. కొరమీనుకు మొప్పలు చాలవు. నీళ్ళపైకి వచ్చి బయటి గాలి మింగి వెళ్ళకపోతే బతకలేదు. అందుచేత వోపికగా చూస్తే అది ఎక్కడ వున్నదో అదే చెబుతుంది. నీళ్ళు నిశ్చలంగా వున్న వేళ 'గుబుక్'మని చిన్న చప్పుడు, వొక సుడి, వొకటి రెండు బుడగలు. ఆ చోటు గుర్తు పెట్టుకోవాలి.

"సరే, కొరమీనే కానీ" అన్నాడు బావగారు. అట్లా మొదలయింది మా యాత్ర. వొకప్పుడు మహబూబ్‌నగరు జిల్లాలో భాగాలై, 2016 అక్టోబరులో వేరువేరు జిల్లాలైన వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు మూడింటిలోనూ నీళ్ళున్న చోటల్లా తిరిగాము. కరువు సీమగా, వలస కూలీల సీమగా పేరుపడ్డ యీ గడ్డమీద యిన్ని నీళ్ళున్నాయా అని హైదరాబాదు స్నేహితులు యిప్పటికీ ఆశ్చర్యపోతుంటారు.

వనపర్తి సంస్థానాధీశులకు చెరువుల పిచ్చి వుండేది. మంచి పిచ్చి. చెరువు తవ్వించి దానికి 'సముద్రం' అని పేరు పెట్టేవారు. శ్రీరంగాపురంలో రంగసముద్రం, కానాయపల్లి దగ్గర శంకరసముద్రం, ఘనపురంలో గణపసముద్రం, యిట్లా ఏడు చెరువులను కలిపి సప్త సముద్రాలని చెప్పుకుంటారు. వీటిలో కొన్ని భీమా ఎత్తిపోతల పథకంలో చేరి, కృష్ణనీళ్ళు నింపుకుని, పూర్వంకంటె పెద్దవయ్యాయి. శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుడి అయితే చెరువులోకి అడుగుపెట్టి నిలబడ్డట్టుంటుంది. పొద్దున ఆ గోపురం నీడ నీళ్ళల్లో పడుతూవుంటే, నీటికోళ్ళు ఆ నీడను చీల్చుకుంటూ యీదుతూ వుంటాయి. అక్కడ గాలం బయటికి తియ్యబుద్ధి కాలేదు. అక్క ప్రదక్షిణం చేసి వచ్చేలోగా బావగారు గట్టుమీద కూర్చుని ఆవలి ఒడ్డు తామరలను ఆశగా చూస్తూవుండిపోయాడు.

కొత్తకోట దాటి శంకరమ్మపేట వైపు వెళితే సరళాసాగరం వస్తుంది. గాలం పట్టని వాళ్ళు కూడా తప్పక చూడవలసిన ప్రాజెక్టు యిది. వనపర్తి రాజా రామేశ్వరరావుగారు తల్లి సరళాదేవి పేర తలపెట్టిన యీ ప్రాజెక్టుకు 1949లో పునాది పడింది, 1959లో పూర్తయింది. దీనికి గేట్లు లేవు. గేట్లెత్తే మనుషులూ లేరు. కట్టలో వంచిన గొట్టాలవంటి సైఫన్లు కట్టారు. నీళ్ళు నిండు మట్టం దాటగానే ఆ వంపుమీదుగా పొర్లడం మొదలుపెట్టి, లోపలి గాలిని తమతో లాక్కుపోతాయి. గాలి పోయిన చోట శూన్యం ఏర్పడి, వెనకనున్న నీళ్ళను బలంగా గుంజుకుంటుంది. యిక చూడాలి దాని హోరు! మట్టం తగ్గి గొట్టం మూతిలోకి మళ్ళీ గాలి దూరగానే ఎవరో చెయ్యి పెట్టి ఆపినట్టు ఆగిపోతుంది. బిందెలో గొట్టం వేసి నోటితో పీల్చి కిరసనాయిలు దించే ప్రతివాడికీ తెలిసిన సూత్రమే. కాని దాన్ని ప్రాజెక్టు అంతటి దానికి పట్టించడం ఆ రోజుల్లో ఆసియాలోనే కొత్త. 

అటువంటి సరళాసాగరానికి 2019 డిసెంబరు 31న మట్టికట్ట తెగింది. నీళ్ళన్నీ వాగున పడి కిందనున్న రామన్‌పాడు జలాశయం వైపు పోయాయి. తర్వాత కట్టను తిరిగి కట్టారు. మేము వెళ్ళినప్పుడు నీళ్ళు నిండుగా వున్నాయి. గట్టు దగ్గర వల ఆరవేసుకుంటున్న వొక ముసలాయనను బావగారు పలకరించాడు.

"ఆ ఏడు మా చేపలన్ని రామన్‌పాడుకే పోయినయి సారూ" అన్నాడాయన నవ్వుతూ. "పిల్లలేసినప్పుడు మావి. కట్ట తెగినంక ఎవరికి చిక్కినయి వాళ్ళయి." యాభైయేళ్ళు నీళ్ళను నమ్ముకుని బతికినవాడి నవ్వు అది.

యిక్కడ గాలం పట్టేవాళ్ళు తెలుసుకోవలసిన ముఖ్యవిషయం వొకటి వుంది. మన చెరువులు ఎవరివీ కానివి కావు. వూరూరా మత్స్య పారిశ్రామిక సహకార సంఘాలున్నాయి. ముదిరాజులూ, గంగపుత్రులూ, బెస్తవారూ అందులో సభ్యులు. చెరువులో చేపపిల్లలు వదలడం, కాపలా కాయడం, వేసవిలో నీళ్ళు తగ్గాక వలవేసి పంచుకోవడం వాళ్ళ హక్కు. 2016-17 నుంచి తెలంగాణలో ప్రభుత్వమే వుచితంగా చేపపిల్లలను యివ్వడం మొదలుపెట్టింది. బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలను లారీలమీద డ్రమ్ముల్లో తెచ్చి చెరువుల్లో వదిలారు. అటువంటి నీళ్ళల్లో అడగకుండా గాలం వెయ్యడమంటే, వొకరి మామిడితోపులో దూరి కాయలు కోసుకోవడమే. అడిగితే మటుకు సాధారణంగా కాదనరు. "వొక్క గాలమే గద సారూ, ఏసుకోండ్రి" అంటారు. టెక్సాసులో లైసెన్సు కొనుక్కోనిదే కర్ర పట్టనివ్వరట. యిక్కడ లైసెన్సు మనిషి నోట్లో వుంటుంది. రెండు మాటలు మాట్లాడితే చేపల జాడకూడా అదే నోటినుంచి వస్తుంది.

వనపర్తికి అయిదారు మైళ్ళలో వొక చిన్న చెరువుంది. దాని పేరు రాయను. గాలపువాళ్ళకు యిటువంటి స్వార్థం వుండటం లోకంలో అన్నిచోట్లా క్షమార్హమే. నాలుగో వంతు తామర, మిగిలినదానిలో సగం తుంగ, కట్టమీద వొక పెద్ద రావిచెట్టు. సంఘం పెద్దమనిషికి ముందురోజే చెప్పి, తెల్లవారకముందే చేరుకున్నాము. బావగారు రబ్బరు కప్పను విసిరి, తామరాకులమీదుగా ఎగిరిస్తూ లాక్కువస్తున్నాడు. చూడటానికి అచ్చం కప్పే. ఆకు అంచున అది నీళ్ళల్లోకి జారగానే 'ఫెళ్'మని చప్పుడైంది. కొత్తవాళ్ళు యిక్కడే కంగారుపడి కర్ర గుంజుతారు. కొరమీను కప్పను నోట బిగించుకుని కిందికి దిగేదాకా వొకటి రెండు అంకెలు లెక్కపెట్టుకోవాలట. బాస్ నేర్పిన విద్య బావగారికి యిక్కడ అక్కరకు వచ్చింది. పది నిమిషాలు పెనుగులాడి కిలోన్నర చేపను గట్టుకు తెచ్చాడు. ఆయన ముఖంలో పాలిటెక్నిక్ కుర్రవాడు కనిపించాడు.

అప్పుడే సంఘం పెద్దాయన వచ్చాడు. చేపను చూడలేదు, అది పడ్డ చోటు చూచాడు. తామరాకుల మధ్య నీళ్ళు సన్నగా వుడుకుతున్నట్టు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే ఎర్రని చిన్నచిన్న పిల్లలు, వందల కొద్దీ, వొక్క ముద్దగా తిరుగుతున్నాయి. వొకదాని తర్వాత వొకటి పైకి వచ్చి గాలి మింగి కిందికి పోతున్నాయి.

"పిల్లల తల్లి సారూ అది" అన్నాడు పెద్దాయన. "ఆకలయి కప్పను పట్టలే. పిల్లల కాడికొచ్చిందని మీద పడ్డది. యిడిసిపెట్టుండ్రి. లేకుంటే దినం ఎక్కకముందే జెల్లలు ఆ పిల్లలన్నిటిని బుక్కుతయి."

కొరమీను జంట, తల్లీ తండ్రీ రెండూ, గుడ్లనుంచి పిల్లలు విడిపోయేదాకా కనిపెట్టుకుని వుంటాయి. ఆ రోజుల్లో దాని ముందు ఏది కదిలినా కొడుతుంది. గాలపువానికి అంత సులభంగా మరెప్పుడూ చిక్కదు. సరిగ్గా అప్పుడే పట్టకూడదు. అమెరికాలోనూ యిదే వివాదం వుందని బావగారు చెప్పాడు. అక్కడ మగ బాస్ గూడు కాపలా కాస్తుందట; ఆ వేళ పట్టడం ధర్మమా కాదా అని గాలపువాళ్ళు సంవత్సరాలుగా వాదులాడుకుంటున్నారట. బావగారు మాట్లాడుతూనే గాలం వూడదీసి, చేపను రెండు చేతులతో నీళ్ళల్లో పట్టుకుని, అది వొక్కసారి తోక కొట్టేదాకా వుండి వదిలేశాడు. పెద్దాయన కొంచెంసేపు ఆయన ముఖం చూచి, "కట్ట ఆ మూలకు పోండ్రి. అక్కడ పిల్లలు లెవ్వు. మబ్బుల పూట పెద్దయి పడుతయి" అన్నాడు. ఆ మూల మాకు రెండు చేపలు యిచ్చింది. వొకటి పెద్దాయన యింటికీ, వొకటి మా యింటికీ.

కొరమీనుకు ధర ఎక్కువ. బొచ్చెకంటె, రవ్వకంటె యినుమడించి పలుకుతుంది. ముల్లు తక్కువ, రుచి ఎక్కువ, బతికివున్నదాన్నే అమ్మవచ్చు. ఆ ధరే దాని మీదికి వచ్చింది. సంఘాలవాళ్ళు చెప్పే మాట వొకటే: తమ చిన్నతనంలో వాగుల్లో, వరిమళ్ళల్లో సైతం దొరికిన కొర్రమట్ట యిప్పుడు తామర వున్న చెరువుల్లో తప్ప కనబడటం లేదు. దానికి తోడు జిలేబి చేప వొకటి. 1952లో పరాయి దేశంనుంచి మన దేశంలోకి తెచ్చిన తిలాపియా యిదే. యిప్పుడు లేని చెరువు లేదు. గాలపువాళ్ళు దీన్ని ఎన్ని పట్టినా పాపం లేదు. పిల్లలను తీసుకువెళితే వాళ్ళకు కావలసిందీ యిదే. సన్న గాలానికి ఎర్రను గుచ్చి రాతికట్ట పక్కన బెండు వేస్తే అయిదు నిమిషాలకొకటి.

వనపర్తినుంచి ఆత్మకూరు మీదుగా జూరాలకు వెళ్ళాము. కృష్ణ తెలంగాణలోకి వచ్చాక మొదట ఆగే చోటు యిది. 1981లో శంకుస్థాపన జరిగి, నీళ్ళు నిలవడానికి పదిహేనేళ్ళ దాకా పట్టింది. ఇందిరాగాంధీ జ్ఞాపకంగా ప్రియదర్శిని ప్రాజెక్టు అని పేరు. నందిమల్ల వైపునుంచి రేవులపల్లి వైపుకు అరవై పైచిలుకు గేట్లు బారుగా నిలబడి వుంటాయి. కట్ట దాటితే గద్వాల జిల్లా. ఆదివారం వస్తే యిక్కడ తిరునాళ్ళే. కట్ట దగ్గర బారులుతీరిన పాకల్లో పొద్దుననగా మొదలుపెట్టి చేపలు వేయిస్తుంటారు. కారం, వుప్పు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలు పెనంమీద చిటపటలాడుతూంటే ఆ వాసనకు కార్లు తమంత తామే ఆగుతాయి. హైదరాబాదునుంచి యిందుకే వచ్చేవాళ్ళున్నారు. చేప పట్టడం కంటె తినడం మేలనుకునే కుటుంబాలకు నా సలహా యిదే చోటు.

గాలానికి మాత్రం జూరాల అందమైనదీ, మోసకారీ కూడా. కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూరు నిండాయంటే యిక్కడ గేట్లు లేస్తాయి. మేము వెళ్ళిన రోజు పన్నెండు గేట్లు తెరచి వున్నాయి. కింద నురగ తప్ప నీళ్ళు కనిపించడం లేదు. గేట్లు మూసివున్నప్పుడు ఆ దిగువ రాళ్ళ మడుగుల్లో వాలుగ చేపలు దొరుకుతాయి. కాని సైరను వినిపించిన తర్వాత రాళ్ళమీదినుంచి గట్టుకు చేరే వ్యవధి ఎంత వుంటుందో లెక్కవేసుకునే ధైర్యం నాకు లేదు. చేపలకోసం వెళ్ళి రాళ్ళమధ్య చిక్కుకున్నవాళ్ళ వార్తలు వానకాలం వచ్చిందంటే పత్రికల్లో చూస్తూనే వున్నాము. దానికి తోడు యీ నీళ్ళల్లో మొసళ్ళున్నాయి. కాలవలు పట్టుకుని పొలాల్లోకీ, వూళ్ళ మడుగుల్లోకీ కూడా వచ్చేస్తుంటాయి. నడుము లోతు నీళ్ళలో నిలబడి గాలం వెయ్యడం టెక్సాసు అలవాటు కావచ్చు. జూరాలలో అది వద్దని బావగారికి నచ్చచెప్పడానికి నాకంటె వొక పడవవాడు ఎక్కువ వుపయోగపడ్డాడు. "దిగుండ్రి సారూ, మంచిగ దిగుండ్రి. మొసలిగ్గూడ అమెరికా మనిషి రుచి తెల్వాలె గద" అన్నాడతను.

ఎగువ నీళ్ళు వేరు. అక్కడ నిలవనీళ్ళు, లంకలు, మునిగిన చెట్లు. మక్తలు వైపు పంచదేవ్‌పహాడు దగ్గర రేవునుంచి పుట్టిలో కృష్ణ దాటితే శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం కురువపురం. పుట్టి అంటే తెలియని పిల్లలకోసం చెబుతాను: వెదురు అల్లిన పెద్ద గంపవంటి గుండ్రని పడవ. దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డు వేసేవానికి నేర్పు లేకపోతే అది వున్నచోటే గిరగిర తిరుగుతుంది. జూరాల ఎగువన చేపలవాళ్ళకు యిదే పడవ, యిదే బండి. దీనిలోనే వలలు వేస్తారు, పగటివేళ ఒడ్డున బోర్లించి దాని నీడలో పడుకుంటారు.

గద్వాలలో వొక పూట ఆగాము. సోమనాద్రి కట్టించిన కోటా, కోటలో చెన్నకేశవస్వామి గుడీ చూశాము. నాలుగు రోజులుగా చెరువుగట్లమీద కూర్చుని వోపిక పట్టిన అక్క, మగ్గాలున్న వీధిలోకి వెళ్ళి, వొంటికి నూలూ, అంచుకూ కొంగుకూ పట్టూ జరీ కలిపి నేసే గద్వాల చీరలు చూడటం మొదలుపెట్టి రెండు గంటలదాకా లేవలేదు. "మీ గాలానికి కిలోన్నర పడింది. నా గాలానికి ఏం పడుతుందో చూడండి" అన్నది. పడ్డ చీర ఖరీదు యిక్కడ రాయనక్కరలేదు. ఆలంపురం నవబ్రహ్మాలయాలనూ, జోగులాంబనూ దర్శించుకుని, తుంగభద్రను చూచి బీచుపల్లి వంతెనమీదుగా వెనక్కి మళ్ళాము. ఆలంపురం గురించి ఎందరో రాశారు. గాలంవాడు రాయవలసిందేమీ లేదు.

నాగర్‌కర్నూలు జిల్లాలోకి పెబ్బేరునుంచి కొల్లాపురం దారిన ప్రవేశించాము. వూరి మొగదల కేసరిసముద్రం వున్న నాగర్‌కర్నూలు పట్నం మా దారికి పక్కన వుండిపోయింది. కొల్లాపురం మామిడికి పేరు. సురభివారి జటప్రోలు సంస్థానానికి రాజధాని. పక్కనే సింగోటంలో లక్ష్మీనరసింహస్వామి గుడీ, దాన్ని ఆనుకుని శ్రీవారి సముద్రమూ వున్నాయి. కుటుంబంతో వచ్చి వొక సాయంత్రం కూర్చోవడానికి యింతకంటె మంచి చెరువు యీ ప్రాంతాల్లో నాకు కనిపించలేదు. 

కొల్లాపురంనుంచి ఆరేడు మైళ్ళు వెళితే సోమశిల. మలుపు తిరగగానే కృష్ణ ఎదుటపడుతుంది. అది నదిలా వుండదు, కొండలమధ్య సముద్రపు పాయలా వుంటుంది. కింద ఎక్కడో దూరాన వున్న శ్రీశైలం ఆనకట్ట యిక్కడిదాకా నీళ్ళను నిలిపింది. నిండు మట్టం 885 అడుగులు. ఆవలి ఒడ్డు ఆంధ్రప్రదేశు, నల్లమల కొండలు. నీళ్ళు బాగా తగ్గిన వేసవిలో మాత్రమే బయటపడే సంగమేశ్వరాలయం ఆ వైపే వుంది. అక్కడినుంచి దిగువకు పోతే అమరగిరి, చీమలతిప్ప దీవి; యింకా కిందికి పోతే అమ్రాబాదు పులుల అడవి. అడవి ఒడ్డున అటవీశాఖ అనుమతి లేకుండా దిగకూడదు, గాలం వెయ్యకూడదు. పడవ ఎక్కితే తేలుకోటు అడిగి తొడుక్కోండి. ఈ నీళ్ళల్లో గాలి లేచిందంటే అలలు చిన్న పడవకు మించిపోతాయి. 2007 జనవరిలో పడవ మునిగి పదులకొద్దీ యాత్రికులు పోయింది యీ కృష్ణలోనే.

సోమశిల ఒడ్డున గుడిసెలు వేసుకుని వున్న చేపలవాళ్ళలో కొందరి మాట విని నేను ఆశ్చర్యపోయాను. అది పాలమూరు మాట కాదు, విశాఖపట్నం మాట. జలాశయం ఏర్పడ్డాక కోస్తా జిల్లాలనుంచి సముద్రం వేట తెలిసినవాళ్ళు కుటుంబాలతో వచ్చి యిక్కడ స్థిరపడ్డారు. సముద్రానికి యింత దూరంలో సముద్రపువాళ్ళు! వీళ్ళకూ స్థానికులకూ కూడా పెద్ద తగవు తెచ్చిపెట్టింది అలివి వల. దోమతెరవంటి సన్నని కన్నులతో, పొడుగ్గా అల్లిన లాగుడు వల యిది. దీనిలోంచి వేలెడు పిల్లకూడా తప్పించుకోలేదు. పిల్లచేపలను ఎండబెట్టి మూటలుగా అమ్ముతారు. నిషిద్ధమైనదే. అధికారులు ఎన్నోసార్లు వాటిని పట్టుకుని ఒడ్డున తగలబెట్టారు. మళ్ళీ వస్తున్నాయి. వల ఖరీదు పెట్టేది దాన్ని లాగే కూలీ కాదు గనుక, కాలిన వలకు దుఃఖించేవాడు ఒడ్డున ఎవడూ వుండడు. కిలోకు వెయ్యి పిల్లలు తూగే ఆ మూటలో, రెండేళ్ళు ఆగితే ఎన్ని క్వింటాళ్ళ బొచ్చెలయ్యేవో లెక్క వేసిచూడండి.

మర్నాడు తెల్లవారి స్థానికుడైన వొక పడవాయనను మాట్లాడుకుని బయలుదేరాము. బావగారు పెట్టెలోంచి సోపుపెట్టె అంత యంత్రాన్ని తీసి నీళ్ళల్లో వదిలాడు. అది చప్పుడును అడుక్కు పంపి, తిరిగివచ్చిన దాన్నిబట్టి లోతునూ, అడుగున వున్న ఎత్తుపల్లాలనూ ఫోనులో బొమ్మకట్టి చూపిస్తుంది. బాస్ అయినా మరోటయినా పెద్ద చేప చదునైన చోట వుండదట; గోడో, మొద్దో, గుంటో వుండాలి. కొంచెంసేపు గీత సమంగా సాగింది. తర్వాత వున్నట్టుండి మెట్టులా లేచి, వంకర లేకుండా తిన్నగా సాగి, మళ్ళీ దిగింది. దాని పక్కనే గుండ్రని గుంట వొకటి, యింకా లోతుగా. 

"ఇదిగో! ఇటువంటి చోటుకోసమే నేను చూస్తున్నది" అన్నాడు బావగారు ఉత్సాహంగా.

పడవాయన ఫోనులోకి వొంగి చూచాడు. ఒడ్డునున్న కొండనూ, ఆవలి గట్టునూ వొకసారి పారజూచి, "గది మా పాతూరు సారూ. గా గోడ పెద్దిండ్లోళ్ళ దొడ్డిది. గుండ్రంగున్నది బాయి. మా అమ్మ నీళ్ళు చేదేది" అన్నాడు.

1981లో శ్రీశైలం నీళ్ళు వచ్చినప్పుడు కృష్ణకు రెండు వైపులా నూటికి అటూ యిటూగా పల్లెలు మునిగాయి. ఆ వేసవిలో యిళ్ళు పడగొట్టి జనాన్ని లేపారు. దేవుళ్ళకు మాత్రం పురావస్తుశాఖవాళ్ళు నెంబర్లువేసి రాయి రాయీ విప్పి, ఎత్తైన చోటికి తెచ్చి మళ్ళీ కట్టారు. సోమశిల గుడులూ, జటప్రోలు గుడులూ, ఆలంపురానికి చేర్చిన కూడవెల్లి సంగమేశ్వరుడూ అట్లా మెరకకు చేరినవే. పడవాయనకు అప్పుడు ఏడేళ్ళట. ఆ యింటి గడపకట్టెను తండ్రి భుజంమీద మోసుకువచ్చాడనీ, కొత్త యింటికీ అదే పెట్టారనీ చెప్పాడు. పరిహారం ఎంత వచ్చిందని నేను అడిగాను. "వచ్చింది, పోయింది" అన్నాడు.

బావగారు గాలం చేతిలో పట్టుకుని వూరుకున్నాడు. ఎంతసేపటికీ విసరడు. చివరికి పడవాయనే, "ఎయ్యుండ్రి సారూ. వాలుగలన్ని గా బాయి కాడనే వుంటయి. మేము గూడ ఆడనే ఏస్తం" అని పడవను కొంచెం యివతలికి తెచ్చి నిలిపాడు. పరక చేపను గుచ్చి, బావి అంచుకు దించాము. ఎండ కాళ్ళమీదికి వచ్చే వేళకు కర్ర వొక్కసారిగా వొంగింది. పైకి వచ్చిన వాలుగ మూడు కిలోలుంటుంది. వెడల్పాటి నోరూ, పొడుగాటి మీసాలూ, వెండి పొట్టా. పడవాయన దాన్ని అడుగున వేసి తడిగుడ్డ కప్పాడు. 

ఒడ్డుకు చేరాక ఆయన భార్య దాన్ని తూచి, సగం కోసి మాకు యిచ్చి, సగం కొల్లాపురం సంతకు పంపించింది. బావగారు తన నోటుబుక్కు తీసి ఆ చోటు రాసుకుంటున్నాడు. టెక్సాసులో అయితే యంత్రం చూపిన అంకెలు రాసుకునేవాడట. యిక్కడ పడవాయనను అడిగి, ఆ బావికి వూళ్ళో ఏమని పేరుండేదో ఆ పేరే రాసుకున్నాడు. కిందటి పుటలో వేసవికి తిరుగు ప్రయాణపు విమానం ఖరీదులేవో వున్నాయి. వాటి కింద, 'నీళ్ళు తగ్గాక మార్చిలో మళ్ళీ రావాలి, గోడ కనిపిస్తుందట' అని వొక వాక్యం చేర్చి పుస్తకం జేబులో పెట్టుకున్నాడు.